గ్రహణానికి కోడి సాక్ష్యం

గ్రహణం రోజున ఢిల్లీలోని వసంత్ కుంజ్ ఫ్లాట్లలో ఉన్న తెలుగు ఇళ్లలోనూ ఊళ్లో జరిగేదే జరుగుతుంది. పెరుగు గిన్నె మీద, ఊరగాయ జాడీ మీద దర్భ పడుతుంది. పట్టుస్నానానికీ విడుపుస్నానానికీ మధ్య పొయ్యి వెలగదు. ఎందుకని అడిగితే పెద్దవాళ్లు కోడిని సాక్ష్యం తెస్తారు: "నోరులేని జీవాలకే తెలుస్తుందమ్మా, కోళ్లు మేత మాని గూట్లోకి పోతాయి." ఈ సాక్ష్యాన్ని తోసిపుచ్చకూడదు. పూర్తిగా వినాలి.

2020 జూన్ 21న ఢిల్లీలో ఉదయం 10.20కి పట్టిన గ్రహణం మధ్యాహ్నం 1.48కి విడిచింది. పన్నెండింటికి సూర్యబింబం దాదాపు 94 శాతం మూసుకుపోయింది. ఆ మాట వింటే చీకటి కమ్మిందనిపిస్తుంది. కానీ జూన్ మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. అందులో ఆరు శాతం మిగిలినా ఐదారు వేల లక్స్! ట్యూబులైటు వేసిన గదిలో ఉండేది కొన్ని వందలే. పక్కనున్న కిషన్‌గఢ్, మసూద్‌పూర్ సందుల్లో గింజలేరుకునే కోడికి అప్పుడు గూడు చేరాల్సిన అవసరమే లేదు.

సంపూర్ణ గ్రహణం సంగతి వేరు. 1980 ఫిబ్రవరి 16న చంద్రుడి నీడ మన తెలుగు నేల మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది. పగలే అంత చీకటి పడితే కోళ్లు గూటి వైపు నడవడం నిజమే. 1932 గ్రహణమప్పుడు అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌లో జనం చూసి పంపిన వివరాల్లోనూ ఇది ఉంది. కారణం వెలుతురు. మసక వేళ కోడికి చూపు ఆనదు, అందుకే పొద్దు వాలుతుంటే గూడు వెతుక్కుంటుంది. దాని మెదడులోని పీనియల్ గ్రంథి వెలుగును నేరుగా పసిగట్టి, చీకట్లో మెలటోనిన్ స్రవిస్తుంది. కోడి మీద వెలుతురు ప్రభావం తెలిసే గుడ్ల కోళ్ల ఫారాల్లో రోజుకు 16 గంటల వెలుతురు ఉండేలా దీపాలు వేస్తారు.

సాక్ష్యంలో మిగతా సగం ఎవరూ చెప్పరు. వెలుగు తిరిగి రాగానే కోడి అదే నేల మీది అవే గింజలు తింటుంది. పెట్ట 21 రోజులు పొదుగుతుంది. ఆ గుడ్లలో పిల్లల అవయవాలు ఏర్పడే రోజుల్లోనే గ్రహణం రావచ్చు. అలా వచ్చిందని పొదుగు గుడ్లు పారేసిన ఇల్లాలిని నేను చూడలేదు. కోడిపిల్లకు లేని గ్రహణ భయం కడుపులోని మనిషి బిడ్డకు ఎందుకు అంటగట్టాం?

నా బాధంతా ఇక్కడే. 2020లో ఆ మూడున్నర గంటలు, ఢిల్లీ జూన్ ఉక్కలో, తలుపులు మూసిన గదిలో గర్భిణిని కదలకుండా పడుకోబెట్టి మంచినీళ్లు కూడా ఇవ్వకపోవడం ఆమెకు చేసే హాని. గ్రహణం మొర్రి అని మనం పిలిచేది గర్భం దాల్చిన తొలి వారాల్లో, పెదవి కణజాలం సరిగా కలవక ఏర్పడుతుంది. జన్యువులు, పొగతాగడం, కొన్ని మందులు అందుకు కారణం కావచ్చు. శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. అయినా అలాంటి బిడ్డ పుడితే ఇంట్లోవాళ్లు తల్లినే నిలదీస్తారు: ఆ రోజు కూరగాయలు తరిగావా, బయటికి వెళ్లావా అని. ఏ తప్పూ చేయని ఆమె ఆ నింద జీవితాంతం మోస్తుంది.

గ్రహణమప్పుడు నిజంగా జాగ్రత్త కావలసింది కంటికి. సరైన ఫిల్టరు లేకుండా సూర్యుణ్ని చూస్తే, సన్నని అంచు మిగిలినా, రెటీనా దెబ్బతినవచ్చు.

2034 మార్చి 20న మళ్లీ పెద్ద గ్రహణం ఉంది. సంపూర్ణత్వపు దారి కశ్మీర్ వైపు నుంచి పోతుంది, ఢిల్లీకి పాక్షికం. ఆ రోజు కోళ్లున్నవాళ్లు నేల మీద నూకలు చల్లి, ఎంత వెలుతురుకు ఏ కోడి మేత మానిందో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టిందో రాసుకోవాలి. ఇంట్లో గర్భిణి ఉంటే వేళకు అన్నం పెట్టాలి.