ఆరబెట్టాలి, ఎండబెట్టకూడదు

దుబాయ్‌లో ఉన్న మన ఐటీ జనంలో స్కూబా డైవింగ్ నేర్చుకున్నవాళ్ళు నాకు తెలిసే పది పన్నెండు మంది ఉన్నారు. ఏ కంపెనీ రెగ్యులేటర్ కొనాలి, డైవ్ కంప్యూటర్‌లో ఏ అల్గారిథం మంచిది అని గంటల తరబడి వాదించుకుంటారు. నీళ్ళలోంచి బయటికొచ్చాక ఆ తడి సామాను ఏం చేస్తారని అడిగితే మాత్రం, "డిక్కీలో పడేసి, ఇంటికొచ్చి బాల్కనీలో ఎండేస్తాం" అంటారు. ఈ ఒక్క వాక్యంలో నాకు రెండు తప్పులు కనిపిస్తాయి.

మొదట డిక్కీ సంగతి. ఇక్కడ డైవింగ్ అంటే ఎక్కువగా తూర్పు తీరమే: ఫుజైరా, ఖోర్ ఫక్కాన్, దిబ్బా, అల్ అఖా దగ్గరి స్నూపీ ఐలాండ్. దుబాయ్ నుంచి హజర్ కొండలు దాటి గంటన్నర ప్రయాణం. అక్కడి సముద్రంలో లీటరు నీటికి సుమారు 37 గ్రాముల ఉప్పు ఉంటుంది. వెట్‌సూట్, బూట్లు, గాలి నింపుకుని తేలడానికి తొడుక్కునే బీసీడీ జాకెట్, అన్నీ కలిపి రెండు లీటర్ల నీళ్ళు మోసుకొచ్చాయనుకోండి. నీళ్ళు ఆవిరైపోతాయి, 74 గ్రాముల ఉప్పు మిగులుతుంది. జిప్పుల్లో, స్ప్రింగుల్లో, బటన్ల సందుల్లో గడ్డకట్టి కూర్చుంటుంది.

సామాను పాడవడం ఒక్కటే అయితే నేను ఇంత రాయను. బీసీడీలోకి గాలి ఎక్కించే బటన్ ఒకటుంటుంది. దాని లోపల ఉప్పు పేరుకుంటే, నొక్కిన బటన్ వెనక్కి రాకుండా ఇరుక్కుపోవచ్చు. అప్పుడు జాకెట్ తనంతట తానే ఉబ్బుతూ మనిషిని పైకి ఈడ్చుకుపోతుంది. 10 మీటర్ల లోతు నుంచి ఉపరితలానికి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపవుతుంది. కంగారులో ఊపిరి బిగబట్టినవాడి గతి ఏమిటో మొదటి కోర్సులోనే అందరికీ చెబుతారు. మనం కోడ్‌లో ఫైలు తెరిచి మూయడం మరిచిపోతే సర్వర్ ఎప్పుడో ఒకరోజు పడిపోతుంది చూడండి, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ రీస్టార్ట్ లేదు.

అందుకని డిక్కీలో మెష్ బ్యాగు కాదు, మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ టబ్బు పెట్టాలి. కారు కార్పెట్ తడవదు, ఉప్పునీరు కారి అడుగు రేకు తుప్పు పట్టదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇల్లు చేరేదాకా సామాను తడిగానే ఉంటుంది. ఉప్పును కరిగించి వదిలించడం తేలిక, ఒకసారి గడ్డకట్టాక కష్టం. డైవ్ కంప్యూటర్‌ని మాత్రం డిక్కీలో వదలకండి. వేసవిలో ఇక్కడ ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. చాలా కంప్యూటర్లు తట్టుకునే నిల్వ ఉష్ణోగ్రత 50 దగ్గరే ఆగిపోతుంది.

డైవ్ సెంటర్లో టబ్బులో ముంచాం కదా అంటారు. ముంచండి, కాదనను. 200 లీటర్ల టబ్బులో ఇరవై మంది తలా రెండు లీటర్ల సముద్రాన్ని వదిలితే సాయంత్రానికి అందులో ఏముంటుందో లెక్కవేయండి. ఇంటికొచ్చి మళ్ళీ కడగాల్సిందే. ఇక్కడ చాలా ఫ్లాట్లలో బాత్‌టబ్ ఉంటుంది, మనవాళ్ళు అందులో బకెట్ పెట్టుకుని స్నానం చేస్తుంటారు. ఇన్నాళ్ళకు దానికో పని దొరికింది. మంచినీళ్ళలో అరగంట నానబెట్టండి. రెగ్యులేటర్‌కి డస్ట్ క్యాప్ బిగించి ముంచాలి, నీళ్ళలో ఉండగా పర్జ్ బటన్ నొక్కకూడదు. బీసీడీ లోపలికి కూడా మంచినీళ్ళు పోసి, కుదిపి, వంచేయాలి. తమాషా ఏమిటంటే, ఈ దేశంలో కుళాయి నీళ్ళలో ఎక్కువ భాగం సముద్రపు నీటినుంచి ఉప్పు తీసి తయారుచేసినవే.

ఇక రెండో తప్పు, ఎండ. వడియాలు, ఒరుగులు, మిరపకాయలు, ఉప్పు చేపలు, తడిగా కనిపించిందల్లా డాబా మీద పరిచే జాతి మనది. కానీ మన భాషలోనే ఎండబెట్టడం వేరు, ఆరబెట్టడం వేరు. వెట్‌సూట్ నియోప్రీన్ అంటే సన్నని గ్యాస్ బుడగలున్న కృత్రిమ రబ్బరు. అతినీలలోహిత కిరణాలకీ, వేడికీ అది పెళుసెక్కి పగుళ్ళిస్తుంది. నీడలో, లోపలి వైపు బయటికి తిప్పి, వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి ఆరబెట్టాలి. బీసీడీలో కాస్త గాలి నింపి ఉంచితే లోపలి గోడలు ఒకదానికొకటి అంటుకోవు.

నీడ అన్నాను కదా అని ఆగస్టు రాత్రి బాల్కనీలో వేలాడదీస్తే లాభం లేదు. గుమ్మం దాటగానే కళ్ళజోడు మసకబారే కాలం అది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీటిని లాక్కుని కరుగుతుంది. సరిగా కడగని సూటు అప్పుడు ఆరదు సరికదా, ఇంకా తడుస్తుంది. పైగా బాల్కనీలో బట్టలు వేలాడదీయవద్దని ఇక్కడి మునిసిపాలిటీలు హెచ్చరిస్తూనే ఉంటాయి. గల్ఫ్‌లో మనకున్న అసలు డ్రయ్యర్ ఏసీయే. గది చల్లబరుస్తూ తేమను పీల్చి బయటికి కారుస్తుంది. దానికి ఒక టేబుల్ ఫ్యాన్ తోడు చేస్తే చాలు. వేడిగాలి ఊదే హ్యాంగర్లని అమ్ముతున్నారు గానీ నా ఉద్దేశంలో ఆ డబ్బు రెగ్యులేటర్ సర్వీసింగ్‌కి పెట్టుకోవడం మేలు. నవంబరు నుంచి మార్చి దాకా అయితే నీడపట్టున గాలి తగిలే కిటికీ పక్కన పెట్టినా సరిపోతుంది.

ఇదంతా ఆదివారం డైవ్ చేసి, సోమవారం ఆఫీసు, మంగళవారం రిలీజు, గురువారం డిక్కీ తెరిచేవాళ్ళ వల్ల కాదు. 2022లో ఇక్కడ వారాంతం శని, ఆదివారాలకు మారింది. డైవింగ్ శనివారం పెట్టుకోండి, ఆదివారం సామానుకి వదిలేయండి. హైదరాబాదు వెళ్ళేవాళ్ళకి ఎలాగూ తప్పదు. వరసగా డైవ్‌లు చేసినవాళ్ళు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సిఫార్సు. ఆ 18 గంటలూ సామాను ఏసీ గదిలో ఉంటే, 30 కిలోల బ్యాగేజీలో రెండు కిలోల నీళ్ళు మోసుకెళ్ళే పని కూడా ఉండదు.