పాలెన్ని అని అడక్కండి

పోయిన నెల మా ఊరు వెళ్ళాను. నాగావళి ఒడ్డు. పిన్ని ఇల్లు చేరేసరికి పొద్దెక్కింది, వాకిట్లో ముగ్గు లేదు. సాలలో గేదె ఒకటే అరుపు. ముందురోజు రాత్రి ఈనిందట. పెయ్య. లేవబోయి రెండుసార్లు పడిపోయి, మూడోసారి నిలబడిందట. తెల్లవారుజామున మళ్ళీ వాలిపోయి ఇక లేవలేదు. "పది నెల్లు మోసింది బావూ, పూట నిండా సూసుకోనేదు" అంది పిన్ని.

ఆ పది నెలలూ పిన్నివి కూడా. చూడి నిలిచిందని తెలిసిన రోజు నుంచి కుడితిలో గుప్పెడు తవుడు ఎక్కువ వేసింది. ఆఖరి నెలలో సాల దగ్గరే మంచం వేసుకుని పడుకుంది. ఇంట్లో మగవాళ్ళు అరకకీ సంతకీ పోతే, గేదె పొదుగు దిగడం, తోక మొదట గుంటలు పడడం చూసి రోజులు లెక్కపెట్టేది ఆడవాళ్ళే. ఆ చూపులో ఉన్నది పాల లెక్క ఒక్కటే కాదు.

నేను కూర్చున్న గంటలో ముగ్గురు వచ్చి పలకరించారు. ముగ్గురూ అడిగింది ఒకటే. "పాలిస్తందా?"

వాళ్ళని తప్పుపట్టను. గేదె అప్పు మీద కొన్నది, వాయిదా నెలనెలా కట్టాలి, కేంద్రంలో పాలు పొయ్యకపోతే చేతికి డబ్బు రాదు. అడిగింది బతుకు గురించే. కానీ ఆ ముగ్గురిలో ఒక్కరైనా "అయ్యో, పెయ్య పోయిందట కదమ్మా" అని ఉంటే పిన్ని ఆ రోజు అన్నం తినేదేమో. పుట్టి పూటైనా బతకని జీవికి పేరుండదు, పెట్టవలసిన కర్మ ఉండదు, ఏడిస్తే చూసేవాళ్ళకి విడ్డూరం. దున్నదూడ అయ్యుంటే "పోతే పోనీ, మేపు తప్పింది" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ మాట మాత్రం నేను క్షమించలేను.

వచ్చినవాళ్ళలో ఒకాయన చేపు సూది వేయించమన్నాడు. ఇంకొకాయన తోలు ఒలిపించి గడ్డి కూరించమన్నాడు.

గడ్డి కూరిన దూడని చిన్నప్పుడు మా ఇంట్లోనే చూశాను. నాలుగు కర్రల మీద నిలబెట్టి, మీద కాస్త ఉప్పునీళ్ళు చల్లి తల్లి ముందు పెట్టేవాళ్ళు. తల్లి వాసన చూసేది, నాకేది, పొదుగు చేపేది. చెంబు నిండేది. తాత పాలు పితుకుతుంటే నేను గేదె కళ్ళ వంక చూడలేక గోడ వైపు తిరిగేవాణ్ణి. ఇది మన దగ్గరే ఉన్న ఉపాయం కాదు. స్కాట్లాండ్ పల్లెల్లో ఇలాంటి గడ్డిదూడకి తుల్చన్ అని పేరే ఉంది. గుర్రాలు పెంచే దేశాల్లో పిల్ల చచ్చిన గుర్రం దగ్గరికి తల్లిలేని పిల్లని తెస్తారు. చచ్చిన పిల్ల తోలు దాని వీపున కప్పి చేరుస్తారు. ఆ వాసన పట్టి తల్లి దగ్గరికి రానిస్తుంది. మంగోలియాలో ఆడ ఒంటె పిల్లని చేరనివ్వకపోయినా, తల్లిలేని పిల్లని ఇంకో ఒంటెకి అలవాటు చెయ్యాలన్నా, పక్కన కూర్చుని గుర్రపుతల తంత్రీవాద్యం వాయిస్తూ పాడతారు. యునెస్కో 2015లో ఆ ఆచారాన్ని తక్షణం కాపాడుకోవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఆ గుర్రాల దగ్గర, ఒంటెల దగ్గర ఉపాయం చివర ప్రాణమున్న పిల్ల ఒకటి నిలబడి ఉంది. మన దగ్గర ఉన్నది గడ్డి. నాకు తోచింది ఇదే. ఊళ్ళో తల్లి పోయిన దూడ ఎక్కడైనా ఉంటే, ముందు దాన్ని తెచ్చి చేర్చి చూడండి. అన్ని గేదెలూ ఒప్పుకోవు. ఒప్పుకున్న చోట ఇద్దరి కడుపూ చల్లబడుతుంది.

సూది సంగతి వేరు. అందులో ఉండేది ఆక్సిటోసిన్. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. పశువుకి హాని చేసేలా పాల కోసం సూది పొడవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. చట్టాన్ని పక్కన పెట్టినా, రోజూ పూటపూటా పొడిస్తే గేదెకి అదే అలవాటవుతుంది, సూది లేనిదే చేపదు. పాలు తియ్యకుండా వదిలెయ్యమని నేననడం లేదు. వదిలేస్తే పొదుగు వాస్తుంది. దాణా ముందు పెట్టి, గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, రోజూ ఒకే వేళకి, ఒకే మనిషి కూర్చోవాలి. మొదట్లో తక్కువే ఇస్తుంది. పిన్ని గేదె అయిదో రోజుకి చేపింది.

ఆ అయిదు రోజులూ పిన్ని అడిగింది ఒక్కటే. "నానేటి తప్పు సేసినాను?"

జవాబు నాకు తెలుసు. చెప్పలేకపోయాను. మాయ పడేదాకా దూడని పొదుగు దగ్గరికి రానివ్వకూడదని మనవాళ్ళకి ఒక పట్టింపు. ఆ రాత్రి పిన్ని అలాగే చేసింది, వాళ్ళమ్మ చేసినట్టే. కానీ గేదె కడుపులో ఉండగా తల్లి నుంచి దూడకి రోగాన్ని ఆపే బలం రాదు. అది వచ్చేది జున్నుపాలతోనే. దూడ పేగు ఆ బలాన్ని మొదటి గంటల్లోనే బాగా పట్టుకుంటుంది, రోజు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. పుట్టిన గంట, రెండు గంటల్లోపు తాగాలి. దూడ బరువులో పదో వంతు, అంటే ముప్ఫై కిలోల దూడకి మూడు లీటర్లు, మొదటి రోజే పడాలి. పైగా దూడ కుడిస్తే మాయ త్వరగా పడుతుంది. బొడ్డుకి టింక్చర్ అయోడిన్ రాయడం, పదో రోజుకి ఏలికపాముల మందు పట్టడం ఆ తర్వాతి సంగతి.

ఆ పెయ్య ఇందుకే పోయిందని నేననను. కడుపులోనే నీరసించినదీ, ఉమ్మనీరు మింగినదీ ఎంత చేసినా నిలవవు. నెలలు నిండకుండా ఈసుకుపోతే మాత్రం వట్టి చేతులతో ముట్టుకోకుండా డాక్టరుకి చూపించాలి, బ్రూసెల్లా మనుషులకీ అంటుకుంటుంది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. 2022 మే నుంచి 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలున్నాయి. ఇన్ని వచ్చినా మాయ మాట మా సాల గడప దాటి పోలేదు. ఈనక ముందే, ఎనిమిదో నెలలోనే ఆ ఇంటి ఆడవాళ్ళతో ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. దూడ పోయిన రోజు చెబితే అది వైద్యం కాదు, నింద.

అందుకే మూడు వారాలు ఆగి, మళ్ళీ వెళ్ళినప్పుడు చెప్పాను. పిన్ని ఏమీ అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని గేదెకి గడ్డి వెయ్యడానికి లేచింది.

మొన్న ఆదివారం ఫోన్ చేసింది. పక్కింటి తొలిచూలు గేదె రాత్రి ఈనిందట. వాళ్ళు వద్దంటున్నా తనే దూడని తుడిచి పొదుగు దగ్గర నిలబెట్టిందట. గంటలోపే తాగింది. మాయ తెల్లారాక పడింది.