8 పైసల సెస్సు కడుతున్నం, పెద్దోళ్ల పైసలు కాపాడమని అడుగుదాం



సర్కారు కొన్న కందుల పైసలైనా, పీఎం కిసాన్ 2,000 అయినా ఇప్పుడు చేతికి రావు, ఖాతాలో పడతాయి. దొంగకు ఈ లెక్క మనకన్నా బాగా ఎరుక. అందుకే పీఎం కిసాన్ పేరుతో మన పెద్దోళ్ల వాట్సాప్‌కు ఏపీకే ఫైలు పంపుతడు. నొక్కి ఎక్కించుకుంటే ఓటీపీలు వాని చేతికి పోతయి. ఇంకొకడు పోలీసు డ్రెస్సుల వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అంటడు. మన చట్టంలో అట్లాంటి అరెస్టే లేదు.

ఈ ముచ్చట పెద్దోళ్లకు చెప్పేదెవరు? బ్యాంకు ఒక మెసేజ్ పంపి చేతులు దులుపుకుంటది. మనమేమో "నీకెందుకే ఆ ఫోను" అని కసురుతం. అందుకే పైసలు పోయినా వాళ్లు నోరు తెరవరు. దొంగకు కావాల్సింది గదే. వెంటనే 1930కి ఫోన్ చేస్తే పైసలు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం ఉంటది. రెండు రోజులు దాచిపెడితే చేతికి దొరకవు.

వికారాబాద్, తాండూరు గ్రంథాలయాలు ఈ పని ఎత్తుకోవాలె. ఎందుకంటే అక్కడ మనకు ఏదీ అమ్మరు. బ్యాంకుకు పోతే బీమా అంటగడతరు, ఫోన్ దుకాణంల కొత్త ఫోన్ చూపిస్తరు. పేపర్ చదువుకుంట కూసున్న పెద్దమనిషి "సారూ, ఈ మెసేజ్ నిజమేనా?" అని సిగ్గుపడకుండ అడిగే జాగ ఇదొక్కటే.

"పుస్తకాలకే దిక్కులేదు, ఇదెట్ల?" అంటరు. పైసలు మనయే కదా! 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు సెస్సు కడుతున్నం. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరిందా అని గ్రామసభల అడగాలె. ఖర్చు కూడా ఎక్కువేం కాదు. తలుపు కాడ పెద్ద అక్షరాలతో 1930 బోర్డు. నెలకొక దినం పోలీసు, బ్యాంకు మనిషి వచ్చి కూసునుడు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ ఎట్ల వెయ్యాలె, రేషన్‌కు పోయినప్పుడు ఎట్ల తియ్యాలె, చూపిచ్చుడు. వేలిముద్రను అలకగ తీసుకోకుండ్రి. 2018ల మన రాష్ట్రంలనే భూమి దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిండ్రు.

చదువురాని అవ్వలు గ్రంథాలయానికి రారు, నిజమే. వాళ్ల కోసం గ్రంథాలయమే పంచాయతీ ఆఫీసుకు రావాలె.

వచ్చే గ్రామసభల ఈ మాట లేవనెత్తుండ్రి, తీర్మానం రాయించుండ్రి. అప్పటిదాకా ఇంట్ల పెద్దోళ్ల ఫోన్ల 1930 నంబరు మీరే ఎక్కించుండ్రి. కసరకుండ!