టికెట్ చౌకే... రావడమే ఖరీదు!

చిట్టమూరు వాళ్లకి హైదరాబాద్ కంటే మీనంబాకం విమానాశ్రయం దగ్గర. నాయుడుపేట వచ్చి జాతీయ రహదారి ఎక్కితే మూడు నాలుగు గంటల్లో చెన్నై. అక్కడ విమానం ఎక్కితే సుమారు ఐదు గంటల్లో కువైట్. లెక్క ప్రకారం పొద్దున్నే ఇంట్లో చద్దన్నం తిని బయల్దేరిన మనిషి రాత్రి పొద్దుపోయేలోపు ఎడారి దేశంలో ఉండొచ్చు. మరి అక్కడున్న మనిషి కూడా ఇక్కడ తల్లికి బాగాలేదంటే మర్నాటికల్లా గుమ్మంలో ఉండాలి కదా! దూరం అదే, విమానం అదే. పైగా టికెట్ ధర ఒకప్పటంత లేదు. అయినా ఎందరో రాలేకపోతున్నారు. ఎందుకని?

పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మండలాల్లో చిట్టమూరు ఒకటి. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. వరి, రొయ్యల గుంటలు, చేపల వేట... ఈ తీరంలో బతుకుతెరువులు ఇవే. పంట పోయినా, రొయ్య దెబ్బతిన్నా, ఆడపిల్ల పెళ్లి దగ్గరపడినా అప్పు తప్పదు. ఆ అప్పు తీర్చే దారుల్లో గల్ఫ్ ఒకటి. నెల్లూరు, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లే ఆడవాళ్లలో చాలామందిది ఇళ్లలో పనే. వంట చేయాలి, బట్టలుతకాలి, పిల్లల్ని పెంచాలి. యజమానిని 'బాబా' అనీ యజమానురాలిని 'మామా' అనీ పిలుస్తూ ఏళ్లు గడిపేస్తారు.

మలయాళీలు అడిగారు... విమానం వచ్చింది

ఒకప్పుడు గల్ఫ్ కార్మికుడికి సెలవు దొరకడం ఒక ఎత్తు, టికెట్ కొనడం మరో ఎత్తు. నెలల జీతం విమానానికే పోయేది. అందుకే రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చేవాళ్లు. ఈ బాధ మీద ఎక్కువ గొంతెత్తింది కేరళ వాళ్లు. తమ వాళ్లు లక్షల్లో వెళ్తున్నారు, చౌక విమానం కావాలని ఏళ్ల తరబడి అడిగారు. 2005 ఏప్రిల్ 29న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ తొలి విమానం తిరువనంతపురం నుంచి అబుదాబికి ఎగిరింది. గల్ఫ్‌లోనూ అప్పటికే ఆ గాలి మొదలైంది. షార్జాలో ఎయిర్ అరేబియా 2003లోనే రెక్కలు విప్పింది. కువైట్‌లో జజీరా ఎయిర్‌వేస్ 2005లో వచ్చింది.

చౌక ఎలా సాధ్యం? ఇందులో మాయేమీ లేదు. అన్నీ ఒకే రకం విమానాలైతే పైలట్ల శిక్షణ, విడిభాగాలు, మరమ్మతులు అన్నిటికీ ఖర్చు తగ్గుతుంది. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ ఎన్నో ఏళ్లపాటు బోయింగ్ 737-800 మీదే నడిచింది. పెద్ద సీట్ల తరగతి తీసేసి, అదే విమానంలో 180కి పైగా సీట్లు వేస్తారు. నాలుగైదు గంటల దారి కాబట్టి వెళ్లిన విమానం వెంటనే తిరిగొస్తుంది. నేల మీద నిలబడ్డ విమానం మేత మేస్తూ పని చేయని ఎద్దు లాంటిది. అది ఎంతసేపు గాల్లో ఉంటే టికెట్ అంత తగ్గుతుంది.

మన దగ్గరికి ఈ సౌకర్యం నిదానంగా వచ్చింది. జజీరా 2017లో హైదరాబాద్‌కి మొదలుపెట్టింది. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ 2022 అక్టోబరు ఆఖర్లో విజయవాడ నుంచి షార్జాకి, 2023 మార్చిలో విజయవాడ నుంచి కువైట్‌కి సర్వీసులు ప్రారంభించింది. దక్షిణాన ఉన్న చిట్టమూరు, వాకాడు, కోట వాళ్లకి మాత్రం చెన్నయ్యే దగ్గరి రేవు.

సీటు ఉంది... చేతిలో పాస్‌పోర్టేదీ?

చౌక టికెట్‌తో నిజంగా బాగుపడ్డవాళ్లు ఉన్నారు. డ్రైవర్లు, టైలర్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు... సొంతంగా సెలవు అడగ్గలిగి, సొంత డబ్బుతో టికెట్ కొనగలిగినవాళ్లు. మూడేళ్లకోసారి వచ్చే తండ్రి ఏడాదికోసారి రావడమంటే చిన్న విషయమా! బిడ్డ ఎత్తూ గొంతూ మారిపోయాక కాదు, మారుతుండగా చూస్తాడు.

కానీ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్ల ప్రయాణాన్ని అడ్డుకునేది టికెట్ ధర కాదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, ఆయన పేరుతోనే ముడిపడి ఉంటుంది. ఆయన 'ఊఁ' అంటే ప్రయాణం, 'ఊహూఁ' అంటే లేదు. ఆయన్ని కాదని ఇల్లు దాటితే 'పారిపోయింది' అని కేసు. ఆ తర్వాత విమానాశ్రయానికి వెళ్లడమే భయం.

చట్టం లేదా అంటే ఉంది. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలంది. పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదంది. మరుసటి ఏడాది 60 దీనార్ల కనీస జీతమూ నిర్ణయమైంది. అయితే నాలుగు గోడల మధ్య జరిగేది చట్టానికి కనపడదు. అందుకే కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా, 2018లో, 2020లో, 2024లో, కాగితాల్లేకుండా చిక్కుకున్నవాళ్లు దానికోసం క్యూలు కట్టారు. అన్నేళ్లూ వాళ్ల తల మీదుగానే చౌక విమానాలు ఎగురుతున్నాయి మరి!

ఇప్పుడు మగవాళ్లకీ ఇంకో గడప వచ్చింది. 2025 జులై 1 నుంచి కువైట్‌లో ప్రైవేటు సంస్థల్లో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. టికెట్ ముందు కొని పర్మిట్ తర్వాత అడిగితే, చౌక టికెట్ కాస్తా చెత్తబుట్ట పాలవుతుంది.

చౌక బేరంలో చిన్న అక్షరాలు

అగ్గువ టికెట్‌కి షరతులెక్కువ. తేదీ మార్చాలంటే రుసుము. లగేజీ కిలో పెరిగితే రుసుము. పిల్లల సెలవులు, పండగలు వచ్చాయంటే అదే సీటు ధర రెండింతలు, మూడింతలు. అందరూ రావాలనుకున్నప్పుడే చౌక మాయమవుతుంది. ఇక సర్వీసు రద్దయితే? 2024 మే మొదట్లో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ సిబ్బంది ఒక్కసారిగా అనారోగ్య సెలవు పెట్టారు. పదుల కొద్దీ విమానాలు నిలిచిపోయాయి. మస్కట్‌లో ఆసుపత్రిపాలైన భర్త దగ్గరికి బయల్దేరిన కేరళ మహిళ ఒకామె విమానం దొరక్క వెనుదిరిగింది. కొద్ది రోజులకే ఆయన చనిపోయాడు. కడచూపు దక్కలేదు. డబ్బున్నవాళ్లు ఇంకో విమానం చూసుకుంటారు. చౌక విమానం మీద ఆధారపడ్డవాళ్లకి అదొక్కటే దారి.

ఇంకో చేదు నిజం. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల భౌతికకాయాన్ని ఒకప్పుడు తూకం వేసి, కిలోల లెక్కన ఛార్జీ వసూలు చేసేవారు. మనిషిని సరుకులా తూచడమేమిటని ప్రవాసులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2019 జనవరిలో ఎయిరిండియా ఆ పద్ధతి మానేసి ఒకటే ధర పెట్టింది. యూఏఈ నుంచైతే 1,500 దిర్హాములు. 12 ఏళ్లలోపు పిల్లలకి అందులో సగం.

అలాగని ఈ విమానాలు చేసిన మేలు మరవకూడదు. కరోనాతో ప్రపంచం తలుపులు మూసుకున్నప్పుడు 2020 మే 7న వందేభారత్ మిషన్ మొదలైంది. అబుదాబి, దుబాయ్‌ల నుంచి తొలి విమానాలు నడిపింది ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్సే. అదే సేవలో ఆ ఏడాది ఆగస్టు 7న కోజికోడ్‌లో విమానం రన్‌వే దాటి పడిపోయి 21 మంది ప్రాణాలు కోల్పోయారు. అంతకు పదేళ్ల ముందు, 2010 మే 22న, మంగళూరులో దుబాయ్ నుంచి వచ్చిన విమానం కూలి 158 మంది మరణించారు. ఈ సంస్థ 2022 జనవరిలో ఎయిరిండియాతో పాటు టాటాల చేతికి వెళ్లింది.

వెళ్లేముందే రావడం గురించి...

గల్ఫ్ ప్రయాణం అనగానే ఇంట్లో అందరూ వెళ్లడం గురించే మాట్లాడతారు. ఏజెంటు ఎవరు, వీసా ఎప్పుడొస్తుంది, జీతం ఎంత... రావడం గురించి అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

కాంట్రాక్టులో తిరుగు టికెట్ ఎవరిదో, సెలవు ఎన్ని నెలలకో రాసి ఉందో లేదో చూడాలి. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. కువైట్‌తో సహా 18 దేశాలకి వాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అలాంటి ఆడవాళ్లకి ఇంటిపని ఉద్యోగాలకైతే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ పేరు ఓంక్యాప్. విజిట్ వీసా మీద పంపేస్తామనే ఏజెంటు నిజానికి ఆమె తిరుగుదారినే మూసేస్తున్నాడు. అలా వెళ్లినవాళ్లు ఏ రికార్డులోనూ ఉండరు.

ప్రవాసీ భారతీయ బీమా సంగతీ అడగాలి. 2017లో సవరించిన పథకంలో ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు ఇస్తారు. భౌతికకాయాన్ని తెచ్చే ఖర్చూ అందులోనే. విమానంలో కొనుక్కునే ఓ పూట తిండికి అయ్యేంత డబ్బు!

పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు నకళ్లు ఇంట్లో ఒక సెట్టు ఉండాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. చిన్నవే. కానీ కష్టం వచ్చిన రోజున రాయబార కార్యాలయం మొదట అడిగేది ఆ కాగితాలే.

టికెట్ ధర తగ్గించడానికి విమానయాన సంస్థలు పోటీ పడతాయి. అది వాళ్ల వ్యాపారం. ఇంటికెళ్తానన్న మనిషిని ఆపకుండా చూడటం ప్రభుత్వాల పని. ఆ రెండోది జరిగేదాకా, చిట్టమూరుకీ కువైట్‌కీ మధ్య దూరం కొందరికి ఐదు గంటలు, కొందరికి ఐదేళ్లు.