కరోనా కాలంలో ఆన్‌లైన్ విద్య - విశ్వవిద్యాలయ విద్యార్థుల వైఖరి

కోవిడ్-19 మహమ్మారి కారణంగా 2020 మార్చిలో భారతదేశంలోని విశ్వవిద్యాలయాలు మూతపడ్డాయి. తరగతి గది బోధనకు బదులుగా అంతర్జాలం ద్వారా పాఠాలు చెప్పే పద్ధతి అమలులోకి వచ్చింది. దీనిపై విద్యార్థులు ఏమనుకున్నారో తెలుసుకొనుటకు హైదరాబాదు విశ్వవిద్యాలయం ఒక చక్కని ఉదాహరణ.

నేపథ్యం

1974లో స్థాపింపబడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వివిధ రాష్ట్రాల విద్యార్థులు చదువుతారు. వీరిలో చాలామంది హాస్టళ్ళలో ఉంటారు. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. ఇళ్ళకు చేరిన విద్యార్థులకు హాస్టలుతో పాటు గ్రంథాలయం, ప్రయోగశాల, అంతర్జాల సదుపాయం కూడా దూరమయ్యాయి.

సర్వే

2020లో విశ్వవిద్యాలయం జరిపిన సర్వేలో సుమారు 2,500 మంది విద్యార్థులు పాల్గొన్నారు. దాదాపు 90% మందికి సెల్‌ఫోను ఉంది. అయినను ఆన్‌లైన్ తరగతులకు హాజరు కాగలమని చెప్పినవారు 37% మాత్రమే. సుమారు 45% మందికి అంతర్జాలం అప్పుడప్పుడు మాత్రమే అందుతోంది. 18% మందికి అసలే లేదు. సిగ్నలు నిలకడగా లేకపోవడం, డేటా ఖర్చు, కరెంటు కోతలు విద్యార్థులు తెలిపిన ప్రధాన ఇబ్బందులు.

విశ్లేషణ

చేతిలో ఫోను ఉండడం వేరు, పాఠం వినగలగడం వేరు అని ఈ అంకెలు తెలుపుతున్నాయి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం అంతర్జాల సదుపాయం పట్టణాలలో సుమారు 42% కుటుంబాలకు ఉండగా, గ్రామాలలో సుమారు 15% కుటుంబాలకే ఉంది. కనుక విద్యార్థుల అసంతృప్తిని కేవలం సాంకేతికత పట్ల వ్యతిరేకతగా భావించరాదు. రికార్డు చేసిన పాఠాన్ని మరల వినగలగడం సదుపాయం ఉన్నవారికి మేలే. సదుపాయం లేనివారికి మాత్రం అదే పద్ధతి తరగతి తలుపు మూసినట్లయింది.

బోధనాపరమైన లోపాలు కూడా ఉన్నాయి. విద్యార్థి ముఖం చూసి, అర్థమైనదో లేదో గ్రహించే వీలు అధ్యాపకునికి తగ్గింది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు చేతితో చేయవలసిన ప్రయోగాలను తెరపై చూసి సరిపెట్టుకొనవలసి వచ్చింది.

తదుపరి పరిణామాలు

కోర్సులో 40% వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చునని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యుజిసి) 2021 మే నెలలో ముసాయిదా విడుదల చేసింది. ఇట్టి మిశ్రమ బోధన క్యాంపస్‌లో ఉన్న విద్యార్థికి అదనపు సౌకర్యం. ఇంటివద్ద అంతర్జాలం లేని విద్యార్థికి మాత్రం కోర్సులో ఆ భాగమంతా అందకుండా పోయే ప్రమాదముంది. అందుచేత ఆన్‌లైన్ బోధన ఎంత శాతం ఉండాలో నిర్ణయించే ముందు, అది ఎందరికి అందుతుందో లెక్కించడం అవసరం.