ఎంత మారిందో చెప్పండి!

వైద్య పరిశోధకులారా, పీజీ విద్యార్థులారా, గైడ్లారా!

మొన్న ఒక సదస్సులో అల్జీమర్స్ మందు లెకానెమాబ్ గురించి మాట్లాడిన వక్త జబ్బు వేగం 27 శాతం తగ్గిందన్నారు. పి వాల్యూ 0.001 కన్నా తక్కువన్నారు. హాలంతా చప్పట్లు. దేంట్లో 27 శాతమని ఒక్కరూ అడగలేదు.

ఆ లెక్క ఇదీ. 1,795 మందిని 18 నెలలు పరీక్షించారు. జ్ఞాపకశక్తినీ రోజువారీ పనులనూ కొలవడానికి వాడిన స్కేలుకు గరిష్ఠం 18 పాయింట్లు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు సగటున 1.66 పాయింట్లు దిగజారారు, అసలు మందు వాళ్లు 1.21. తేడా 0.45! ఒక్క రోగి విషయంలో ఆ స్కేలు చూపగలిగే అతిచిన్న మార్పే అర పాయింటు. అంతకన్నా చిన్న తేడాకా ఈ చప్పట్లు? మందు తీసుకున్న ప్రతి నూరుమందిలో 12 మందికి పైగా స్కానింగులో మెదడు వాపు కనిపించింది. అమ్మ ఇంకెన్నాళ్లు నన్ను గుర్తుపడుతుందని కొడుకు అడిగితే పి వాల్యూ చూపిస్తారా? చాలినంతమందిని చేరిస్తే ఎంత చిన్న తేడా అయినా 'సిగ్నిఫికెంట్' అయి కూర్చుంటుంది. ఇది గణాంకం తెలిసిన ప్రతివాడికీ తెలుసు. తెలిసీ నోరు మెదపరు.

శాంపిల్ చిన్నదైతే మోసం ఇంకోరకం. నాడీశాస్త్ర అధ్యయనాలకు నిజంగా ఉన్న మార్పును పట్టుకునే శక్తి మధ్యస్థంగా 21 శాతమేనని 2013లో తేలింది. అలాంటి అధ్యయనంలో 'సిగ్నిఫికెంట్' గీత దాటిన ఫలితం అసలుకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఇంకో తప్పు చూడండి: మందిచ్చిన ఎలుకల్లో మార్పు సిగ్నిఫికెంట్, ఇవ్వనివాటిలో కాదు, కాబట్టి మందు పనిచేసిందంటారు. రెండు గుంపుల మధ్య తేడాను మాత్రం పరీక్షించరు. ఈ తప్పుకు అవకాశమున్న 157 నాడీశాస్త్ర పత్రాల్లో సగం ఇదే చేశాయని 2011లో బయటపడింది. ఇది అజ్ఞానం కాదు, బద్ధకం. ప్రజల డబ్బుతో, రోగుల రక్తంతో చేసే బద్ధకం.

పి వాల్యూకు పెట్టుకున్న 0.05 గీత దైవవాక్కు కాదు. 1925లో గణాంకవేత్త ఫిషర్ సౌకర్యం కోసం గీసిన గీత. తర్వాత ఆయన దగ్గరే పరిశోధన చేసిన మన సి.ఆర్.రావు, అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో 1945లోనే హద్దు తేల్చారు. ఆయన గణితం చదివింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ఆ గడ్డమీద ఈనాడు అంచనా అక్కర్లేదు, 'సిగ్నిఫికెంట్' అని చూపే నక్షత్రం గుర్తు చాలు!

జర్నళ్లు పి వాల్యూ అడుగుతాయంటారు. ఇవ్వండి, ఎవరొద్దన్నారు? దాని పక్కన తేడా ఎంతో, దాని విశ్వాస అవధి ఎంతో రాయండి. ఎంత మార్పు వస్తే రోగికి మేలో మొదటి రోగిని చేర్చుకోకముందే ప్రోటోకాల్‌లో రాయించాలి. అది లేని ప్రతిపాదనను ఎథిక్స్ కమిటీ తిప్పి పంపాలి. గీత దాటేదాకా పరీక్షలు మార్చిమార్చి చేయించే అలవాటును గైడ్లే ఆపాలి.

పరీక్షకులారా, ఈ ఏడాది మీ చేతికొచ్చే థీసిస్‌లో 'సిగ్నిఫికెంట్' పక్కన ఎంత మారిందన్న అంకె లేకపోతే సంతకం పెట్టకండి.