గాలి ఎవరిది? గాలిమర ఎవరిది?

"మా ఇండ్లల్లో బల్బు సరిగ్గా వెలగదు. మీరేమో పిల్లోళ్లను పిలుచుకొని విమానమెక్కి పరదేశంలో కరెంటు చూసొచ్చినారు. ఎవురికోసం నాయనా?"

పోయిన సంచిక పంచడానికి వెళ్లినపుడు ఎస్సీ కాలనీలో ఒక పెద్దమ్మ మమ్మల్ని అడిగిన మాట ఇది. తప్పు మాట కాదు. ఉద్యమంలో ఉన్నవాడు విమానం ఎక్కితే ఊరికి లెక్క చెప్పాలి. ఈ సంపాదకీయం ఆ లెక్కే.

ముందు డబ్బుల లెక్క. విమానం, బస ఖర్చు డెన్మార్కులోని ఒక బడి పెట్టుకుంది. పాస్‌పోర్టు, వీసా, చలి బట్టల ఖర్చు మన ఉపాధ్యాయ మిత్రులూ, హాస్టల్ పాత విద్యార్థులూ చందాలేసి ఇచ్చారు. ఉద్యమ నిధిలో ఒక్క రూపాయి ముట్టలేదు. పన్నెండు రోజులు ఉన్నాం. గాలి, ఎండ, గడ్డి నుంచి ఆ దేశం కరెంటూ, వేడీ ఎట్లా చేసుకుంటుందో చూడడమే పని.

ఇక మనుషుల లెక్క. ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలు పదిమంది ఎంపికయ్యారు. పోయింది తొమ్మిదిమందే. పదో పిల్ల ఎందుకు రాలేదు? ఆ పిల్ల పుట్టినపుడు ఎవరూ నమోదు చేయించలేదు. ఆధార్‌లో జనవరి ఒకటి. బడి రికార్డులో జూన్ ఒకటి. నాయన పేరు ఒక కాగితంలో ఒక తీరు, ఇంకో కాగితంలో ఇంకో తీరు. మూడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగినా పాస్‌పోర్టు చేతికి రాలేదు. ఇక్కడ ప్రభుత్వాన్ని తిట్టి ఊరుకోవచ్చు. కానీ కూలికి పోయే తల్లి బిడ్డను బడిలో చేర్చేటపుడు, పుట్టిన తేదీ తెలియదంటే "రాయప్పా జూన్ ఒకటి" అని చేతులు దులుపుకొన్నదెవరు? మేమే. మా బోటి పంతుళ్లే. దొరబిడ్డకు అట్లా రాస్తామా? పదిమందిలో లెక్కలు అందరికంటే బాగా వచ్చిన పిల్ల అది. మేం బస్సెక్కుతుంటే "సార్, నాకు నోట్సు రాసుకురాండి" అంది. ఆ నోట్సులో కొంత మీకు చెబుతున్నాం.

డెన్మార్కు 1973లో, చమురు దేశాలు సరఫరా బిగించినపుడు, తన ఇంధనంలో నూటికి తొంభై పాళ్లకు పైగా దిగుమతి చమురు మీదే బతుకుతుండేది. ఆదివారాలు కార్లు నడపరాదని ప్రభుత్వం ఉత్తరువు వేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ దేశం కరెంటులో సుమారు సగం గాలి నుంచే వస్తోంది. ఈ మార్పు పైనున్న పెద్దలు దయతలిస్తే వచ్చింది కాదని మాకు అక్కడ తిరిగినాక తెలిసింది.

ఊల్ఫ్‌బోర్గ్ అనే ఊరి దగ్గర ట్విండ్ అనే చోట ఒక పెద్ద గాలిమర ఉంది. 1975లో పని మొదలుపెట్టి 1978లో తిప్పారు. రెండు మెగావాట్లది. అప్పటికి ప్రపంచంలో అంత పెద్దది లేదు. కట్టింది ఏ కంపెనీ? ఏ కంపెనీ కాదు. అక్కడి బళ్ల పంతుళ్లు జీతాలు కూడేసుకున్నారు. వందలమంది పిల్లలూ, వచ్చిపోయే జనమూ చేయి వేశారు. ఒక్కో రెక్క 27 మీటర్లు. గాజునారతో చేతులతో చేసుకున్నారు. మా పిల్లలు దాని కింద నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూశారు. ఒకడు మెల్లగా అడిగాడు: "సార్, పంతుళ్లు చేసినారా ఇది?" మేం జవాబు చెప్పలేదు. సిగ్గేసింది. మన బళ్లో సైన్సు గది తాళం తీసి ఎన్నేళ్లయింది?

అయితే ఒక మాట దాచరాదు. ఆ బళ్లను నడిపిన పెద్దల మీద తర్వాతి కాలంలో డబ్బుల మోసం కేసులు నడిచాయి, శిక్షలు పడ్డాయి. సొమ్ము ఉమ్మడిదయితే లెక్కా ఉమ్మడిగానే ఉండాలి. పుస్తకం ఒక్కరి చేతిలో పెట్టి "ఆయనుంటే మనకేం భయం" అన్నచోట మంచి పని కూడా చెడుతుంది. ఇది మన సంఘాలకూ పాఠమే.

ఇంకా వెనక్కి పోతే ఆస్కో అనే ఊరి బడిలో పౌల్ ల కూర్ అనే ఉపాధ్యాయుడున్నాడు. 1891లోనే గాలిమరతో కరెంటు తీసే ప్రయోగాలు మొదలుపెట్టాడు. పల్లె కుర్రాళ్లను కూర్చోబెట్టి కరెంటు పని నేర్పాడు. అది రైతుబిడ్డల కోసం పుట్టిన జానపద పాఠశాల. అటువంటి మొదటి బడి ఆ దేశంలో 1844లో తెరిచారు. మన మహాత్మా ఫూలే, సావిత్రిబాయి పూనాలో ఆడపిల్లల బడి తెరిచింది 1848లో. తేడా నాలుగేళ్లే. అక్కడ పల్లె పిల్లలు చదివిన చదువు గాలిమరదాకా పోయింది. ఇక్కడ బడికి పోతున్న సావిత్రమ్మ మీద పేడ విసిరారు. దేశాలు వెనకబడేది తెలివి తక్కువై కాదు, తెలివిని వాకిట్లోనే ఆపేసినందుకు.

మేం దిగిన బడిలో మరుగుదొడ్లు కడగడానికి వేరే మనిషి లేడు. గోడమీద వంతుల పట్టిక ఉంది. పిల్లలు, పంతుళ్లు అందరి పేర్లూ ఉన్నాయి. రెండో రోజు మా పేరూ ఎక్కింది. మన పిల్లలు ఆ పట్టికను చాలాసేపు చూశారు. మన బళ్లలో చీపురు ఎవరి చేతికిస్తారో వాళ్లకు తెలుసు. అక్కడ వంతు చూసి ఇస్తారు. ఇక్కడ కులం చూసి ఇస్తారు. ఆ బడి బువ్వ, ఆ చలి పిల్లలు మరిచిపోవచ్చు. ఆ పట్టిక మరవరు.

అక్కడినుంచి సామ్సో అనే దీవికి పోయాం. 114 చదరపు కిలోమీటర్ల నేల. నాలుగువేల లోపు జనం. ఆలుగడ్డ పండిస్తారు. 1997లో ప్రభుత్వం పెట్టిన పోటీలో ఈ దీవి గెలిచింది. పదేళ్లలో తన కరెంటూ, వేడీ తానే చేసుకోవాలన్నది పందెం. 2000 నాటికి నేలమీద పదకొండు గాలిమరలు, 2003 నాటికి సముద్రంలో పది లేచాయి. ఇందులో విశేషం యంత్రం కాదు, యజమాని. కొన్ని రైతులవి. కొన్ని వందలమంది చిన్న చిన్న వాటాలేసి కొనుక్కున్నవి. సముద్రంలో పదింట్లో అయిదు అక్కడి మునిసిపాలిటీవే. రెక్క తిరిగితే ఊరికి డబ్బు. అందుకే గాలిమర మోత మీద అక్కడ తగవు తక్కువ. తన బర్రె అరిస్తే ఎవరికి చెవి నొప్పి?

చలికాలం ఇండ్లు వెచ్చబెట్టడానికి గోధుమ గడ్డి కాలుస్తారు. ఆ వేడినీళ్లు గొట్టాల్లో ఇంటింటికీ పోతాయి. ఇది చూసి ఒక పిల్ల, "మనకాడ గడ్డి పశువులకే చాలదు సార్, ఇది మనకు పనికిరాదు" అంది. సరిగ్గా చెప్పింది. చూసిందల్లా ఎత్తుకొచ్చి నాటడానికి మేం పోలేదు. ఇంకోచోట ఎండతో నీళ్లు కాచే పలకలు వరసలుగా ఉన్నాయి. వాటి కింద గొర్రెలు మేస్తున్నాయి. అది చూసి గొర్రెల కాపరి కొడుకు ఒకడు ఆగిపోయాడు. "మా ఊర్లో సోలారుకు కంచె వేసినాక మా నాయన్ను ఆ పక్కకే రానీలేదు సార్" అన్నాడు.

చివరి రోజు సభలో మన పిల్లల్లో ఒకరు లేచి అడిగిన ప్రశ్న ఇది: "వాటా కొనడానికి డబ్బుండాలి. ఆలుగడ్డ తవ్వే కూలికి వాటా ఉందా?" మాకు దీవి చూపించినాయన కాసేపు తల గోక్కున్నాడు. బ్యాంకు అప్పిచ్చింది, చాలామంది ఆ అప్పుతోనే కొన్నారు అన్నాడు. ఇల్లూ వాకిలీ ఉన్నవాడికే బ్యాంకు అప్పిస్తుంది గదా అని పిల్ల మళ్లీ అడిగింది. ఆయన "మంచి ప్రశ్న" అన్నాడు. మంచి ప్రశ్న అంటే జవాబు లేని ప్రశ్న అని మేం అనువాదం చేసి చెప్పాం. పిల్లలు నవ్వారు.

అక్కడా అంతా స్వర్గం కాదు. కొత్త గాలిమర వేస్తే అయిదింట ఒక వంతు వాటా చుట్టుపక్కల జనానికి అమ్మజూపాలని ఆ దేశం 2009 నుంచి చట్టం నడిపింది. 2020లో అది తీసేశారు. పెద్ద పెట్టుబడి వచ్చేకొద్దీ చిన్న వాటాదారు చోటు ఇరుకవుతోంది. హక్కు ఒకసారి వస్తే రాయి మీద చెక్కినట్టు కాదు. కాపలా కాయకపోతే ఏ దేశంలోనైనా పోతుంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కర్నూలు దగ్గర గని, శకునాల నేలల్లో వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు 2017లో పనిలోకి వచ్చింది. దాదాపు ఆరువేల ఎకరాలు. అనంతపురం కొండలమీద గాలిమరలు తిరగబట్టి ఏళ్లయింది. ఎండ మనది, గాలి మనది. సోలారుకు కావలసింది బీడు. కాగితంలో బీడు అని రాసినచోట చాలా ఊర్లలో ఉండేది మన అసైన్డు భూమి, మన మేకలు మేసే పోరంబోకు. అసైన్డు భూమి పరాయి చేతికి పోరాదని 1977లో చట్టం వచ్చింది. అమ్మడం కుదరకపోతే కౌలు అంటారు, అభివృద్ధి అంటారు. పట్టా ఉన్నవాడికి కౌలు డబ్బు. ఆ చేనిలో కూలికి పోయే మనిషికి? మేపుకొనేవాడికి? కంచె.

ఎండ కరెంటు వద్దని మేం అనడం లేదు. బొగ్గు పొగ మొదట తగిలేదీ, ఎండ మండితే మొదట పడిపోయేదీ ఉపాధి పనిలో ఉన్న మనవాళ్లే. మా తగవు కరెంటుతో కాదు, దాని యాజమాన్యంతో. ఈ ప్రశ్న మాది కూడా కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ అంబేద్కర్ చేతికిందే విద్యుత్తు విధానం ఉండేది. కరెంటు ప్రభుత్వం చేతిలో ఉండాలా ప్రైవేటు చేతిలోనా అన్న ప్రశ్నను 1943లోనే కమిటీ ముందు పెట్టాడు. మనం ఆయనను విగ్రహంగానే తెలుసుకున్నాం, కరెంటు మంత్రిగా తెలుసుకోలేదు. పరదేశంలో చదువు ఎందుకు అనేవాళ్లకూ ఆయన పేరే జవాబు. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పు మీద ఓడెక్కకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

కాబట్టి పెద్దమ్మకు మా జవాబు. పోయింది చూసి రావడానికి కాదు, అడగడం నేర్చుకొని రావడానికి. ఊరూరా ఇవి అడుగుదాం:

కౌలు కాగితం మీద వేలిముద్ర వేసే ముందు అది తెలుగులో గ్రామసభలో చదివి వినిపించాలి.

నష్టపోయినవారి జాబితాలో పట్టాదారుతో పాటు కూలీ, కౌలుదారు, గొర్రెల కాపరి పేర్లు ఎక్కాలి.

యూనిట్ల లెక్కన ఊరికి వాటా రావాలి. ఆ వాటా పుస్తకం గ్రామసభ ముందు తెరవాలి.

కాపలా, పలకలు తుడిచే పనితో సరిపెట్టరాదు. మన పిల్లలకు ఆ యంత్రాల పని నేర్పాలి.

2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో సోలారు పలకకు గట్టి మిద్దె కావాలి. రేకుల ఇండ్లవాళ్ల సంగతేమిటి? వాళ్ల పేరున హాస్టల్ మిద్దెమీద, బడి మిద్దెమీద వేయాలి.

చివరిది మా పంతుళ్లకు. ఈ ఏడు బళ్లు తెరిచే లోపు ఒక్కో పిల్ల కాగితం పట్టుకొని చూడండి. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు అన్నిట్లో ఒకటిగా ఉన్నాయా? లేకపోతే మీరే సెలవు పెట్టి ఆఫీసుకు పోండి. మేం మొదలుపెట్టాం.

పదో పిల్ల కాగితాలు ఇంకా ఆఫీసులోనే ఉన్నాయి. నోట్సు ఇచ్చాం. చదివి, "వాటా లెక్క మన ఊరికి వేసి చూద్దామా సార్" అంది. వేస్తోంది. ఆ లెక్క తేలినాక గ్రామసభలో ఆ పిల్లే చదువుతుంది. అందరూ రండి.